పడుగు లేని బట్ట: లఫ్‌బరోలో నా ఎమ్మెస్సీ ఏడాది

చీరాలలో మా ఇంట్లో మగ్గం చప్పుడు పొద్దున ఐదున్నరకే మొదలయ్యేది. నాన్న గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తుంటే, నేను పక్కన కూర్చుని కండెలు చుట్టి ఇచ్చి బడికి వెళ్ళేదాన్ని. బడిలో నేను పరిగెత్తేదాన్ని. 800 మీటర్లు నా పరుగు. తొమ్మిదో తరగతిలో జిల్లా పోటీల దాకా వెళ్ళాను. మా పీఈటీ సార్ తన డబ్బులతో నాకు బూట్లు కొనిపెట్టారు.

పదో తరగతిలో మంచి మార్కులొచ్చాయి, ఇంటర్ ఎంపీసీకి హాస్టల్లో చేర్పించారు. నాలుగంతస్తుల బిల్డింగు. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా క్లాసులు, స్టడీ అవర్లు. గ్రౌండ్ లేదు. మొదటి వారమే వార్డెన్ మేడమ్ నా బూట్లు చూసి, "వీటితో ఇక్కడ పనేముంది, ఇంటికి పంపించెయ్" అన్నారు. పంపించేశాను. ఆ రెండేళ్ళలో నా పరుగు ఆగిపోయింది. బీటెక్ మెకానికల్‌లో కాలేజీకి పెద్ద గ్రౌండే ఉన్నా మళ్ళీ దిగలేదు. చదువుకునే అమ్మాయికి ఆట ఎందుకన్న మాట అప్పటికి నా సొంత మాట అయిపోయింది.

ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో యూనివర్సిటీలో నా ఏడాది గురించి రాయమని జూనియర్లు అడుగుతున్నారు. వీసా, ఫీజుల సంగతులు రాస్తాను. కానీ నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది పైన చెప్పిన ఆ బూట్ల సంగతి. అందుకే దానితో మొదలుపెట్టాను.

బీటెక్ మూడో ఏట ఫ్లూయిడ్ మెకానిక్స్ సెమినార్‌కి టాపిక్ వెతుకుతుంటే ఫుట్‌బాల్ గురించి చదివాను. 2010 ప్రపంచ కప్పులో వాడిన జబులానీ బంతికి ఎనిమిదే ప్యానెళ్ళు, కుట్టు లేదు, వేడితో అతికించారు. పాతకాలపు బంతికి ముప్ఫై రెండు ప్యానెళ్ళు ఉండేవి. అతుకులు తగ్గి బంతి నున్నబడేసరికి గాలిలో అది ఊహించని చోట వంకర తిరుగుతోందని గోల్‌కీపర్లు గొడవ చేశారు. ఆ బంతి తయారీలో అడిడాస్‌తో కలిసి పనిచేసిన లఫ్‌బరో యూనివర్సిటీ పేరు అక్కడ కనిపించింది. బంతిని ప్రతిసారీ ఒకే వేగంతో, ఒకే చోట తన్నే రోబో కాలు కూడా వాళ్ళ దగ్గర ఉందట. ఆటను ల్యాబులో పెట్టి కొలిచే చోటు ఒకటుందని నాకు అప్పుడే తెలిసింది.

పేరు పలకడం రాలేదు. ఇంగ్లీషు అక్షరాలు చూసి లౌబరో, లోగ్‌బరో అనుకున్నాను. అక్కడివాళ్ళు 'లఫ్‌బ్రా' అంటారు. ఎవరో ఆస్ట్రేలియావాళ్ళు దీన్ని 'లూగాబరూగా' అని చదివారన్న కథ ఆ ఊళ్ళో ఎంత ప్రసిద్ధమంటే, పిల్లల పుస్తకాల పండుగకు ఆ పేరే పెట్టుకున్నారు.

మా దగ్గర కన్సల్టెన్సీలో ఈ పేరు చెబితే ఆసక్తి చూపలేదు. తమకు టై-అప్ ఉన్న వేరే యూనివర్సిటీల లిస్టు చేతిలో పెట్టారు. నేను సొంతంగా అప్లై చేశాను, అది ఏమంత కష్టం కాలేదు. యూనివర్సిటీ పోర్టల్‌లో మార్కుల మెమోలు, ఇద్దరు లెక్చరర్ల రెఫరెన్సులు, ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష స్కోరు, ఎందుకు చదవాలనుకుంటున్నానో చెప్పే ఒక పేజీ స్టేట్‌మెంట్ పెట్టాను. స్టేట్‌మెంట్‌లో గొప్ప మాటలేమీ రాయలేదు. మా ఇంట్లో మగ్గం ఉందనీ, బట్ట ఎలా సాగుతుందో, ఎక్కడ చిరుగుతుందో చిన్నప్పటి నుంచి చూశాననీ, ఆటల్లో వాడే బట్టల మీద పనిచేయాలనుందనీ రాశాను. ఆరు వారాలకు ఆఫర్ వచ్చింది.

అసలు టెన్షన్ డబ్బు దగ్గర మొదలైంది. నేను వెళ్ళింది 2023 సెప్టెంబర్‌లో. అప్పట్లో లండన్ బయట చదివేవాళ్ళు నెలకు 1,023 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలల ఖర్చు, అంటే 9,207 పౌండ్లు బ్యాంకులో చూపించాలి. మన డబ్బుల్లో తొమ్మిదిన్నర లక్షలు. కట్టాల్సిన ఫీజు దీనికి అదనం. ఆ మొత్తం వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి, ఒక్క రోజు కూడా తగ్గకూడదు. ఇంటి మీద లోన్ తీసుకుని నాన్న ఖాతాలో వేశాం. సరిగ్గా సరిపోయేంతే వేశాం, అదే మా తప్పు. పందొమ్మిదో రోజున బ్యాంకువాళ్ళు లోన్ ఇన్సూరెన్స్ ప్రీమియం అని కొంత కోసుకున్నారు. మాకు ముందు చెప్పలేదు. బ్యాలెన్స్ గీత కిందకు పడింది. పాస్‌బుక్ ఎంట్రీ వేయించుకున్న రోజు నాన్న ఆ కాగితం పట్టుకుని బ్యాంకు మెట్ల మీదే కూర్చుండిపోయాడు. మా మేనమామ ముప్ఫై వేలు సర్దాడు, మళ్ళీ ఒకటో రోజు నుంచి లెక్క మొదలుపెట్టాం. మీరు వెళ్ళేటప్పటికి ఈ అంకెలు మారి ఉంటాయి, ప్రభుత్వం సైట్‌లో చూసుకోండి. ఎంత అడిగినా దాని మీద కనీసం యాభై వేలు ఎక్కువ ఉంచండి. పౌండు రేటు రెండు రూపాయలు పెరిగినా లెక్క తప్పుతుంది.

మిగతాది త్వరగానే అయిపోయింది. హైదరాబాద్‌లో వాళ్ళు గుర్తించిన క్లినిక్‌లో టీబీ టెస్టుకు ఛాతీ ఎక్స్‌రే తీశారు. యూనివర్సిటీ నుంచి క్యాస్ నంబర్, అంటే సీటు ఖాయమని వీసావాళ్ళకు చూపించే నంబర్, వచ్చింది. వీసా ఫీజు 363 పౌండ్లు, హెల్త్ సర్‌ఛార్జి 705 పౌండ్లు కట్టాను. ఆ తరవాత రెండూ బాగా పెరిగాయి. వీసా అప్లికేషన్లు తీసుకునే వీఎఫ్‌ఎస్ ఆఫీసులో వేలిముద్రలిచ్చిన మూడు వారాలకు పాస్‌పోర్టు చేతికొచ్చింది.

హీత్రూలో దిగి, మెట్రోలో సెయింట్ పాంక్రస్ స్టేషన్‌కు వెళ్ళి, అక్కణ్ణుంచి రైల్లో గంటంబావు ఉత్తరానికి వెళితే లెస్టర్‌షైర్ జిల్లాలో ఈ ఊరు వస్తుంది. లండన్ లాంటిది ఊహించుకున్నవాళ్ళు దిగాలుపడతారు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఇది సంత ఊరు. గురువారం, శనివారం ఊరి నడిమధ్య చదునైన బజారులో చారల గుడారాలు వేసి కూరలు, పళ్ళు, చేపలు, బట్టల తానులు అమ్ముతారు. గిన్నెల్లో టమాటాలు, మిరపకాయలు పోసి 'పౌండుకో గిన్నె' అని కేకలు వేస్తారు. భాష వేరు గానీ ఆ కేకలో రాగం మన సంతదే. నవంబర్ రెండో వారంలో ఊరి నడిబొడ్డు రోడ్లన్నీ మూసేసి జెయింట్ వీల్స్, రంగులరాట్నాలు పెడతారు. ఎనిమిది వందల ఏళ్ళుగా జరుగుతున్న తిరునాళ్ళట అది. ఆ రాత్రి వేయించిన ఉల్లిపాయల వాసన మధ్య నిలబడి ఇంటికి వీడియో కాల్ చేస్తే, అమ్మ "అచ్చం మన తిరునాళ్ళలాగే ఉందే!" అంది.

ఆ బజారులోనే ఒక కంచు విగ్రహం ఉంది. ఒక మనిషి కూర్చుని, తన కాలికున్న మేజోడును మురిపెంగా చూసుకుంటుంటాడు. ఈ ఊరు ఒకప్పుడు మేజోళ్ళు, అల్లిక బట్టలతో బతికింది. ఆ విగ్రహం ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. 1816 జూన్‌లో ఒక రాత్రి ఇక్కడి హీత్‌కోట్ లేసు ఫ్యాక్టరీలోకి లడ్డైట్లు, అంటే తమ బతుకు పోతోందని యంత్రాల మీద తిరగబడ్డ పనివాళ్ళు, చొరబడి యాభైకి పైగా యంత్రాలు విరగ్గొట్టారు. యజమాని ఫ్యాక్టరీని ఊరి నుంచే ఎత్తేసి, ఎక్కడో దక్షిణాన టివర్టన్ అనే ఊరికి తరలించాడు. చరిత్ర పుస్తకాల్లో ఆ మనుషుల్ని యంత్రాలంటే భయపడే మూర్ఖులుగా రాస్తుంటారు. పవర్‌లూమ్ చీరను చేనేత అని అమ్ముతుంటే ఏమీ చేయలేక మగ్గం దిగేసినవాళ్ళను మా వీధిలో నేను చూశాను. నాకు వాళ్ళు మూర్ఖులనిపించలేదు.

యూనివర్సిటీ ఊరికి పడమటి వైపున ఉంది. ఐదు వందల ఎకరాలకు పైగా, అంతా ఒకే చోట. 1909లో చిన్న టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌గా మొదలైంది. 1915లో ప్రిన్సిపాల్‌గా వచ్చిన హెర్బర్ట్ స్కోఫీల్డ్ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కాలేజీలోనే ఫ్యాక్టరీ పెట్టించి, నిజమైన సామాను తయారుచేయిస్తూ పని నేర్పించాడు. బొమ్మ గీసి మార్కులు వేసుకోవడం కాదు, చేసిన వస్తువు పనికిరావాలి. 1966లో యూనివర్సిటీ అయ్యాక కూడా ఆ పద్ధతి పోలేదనడానికి నేనే సాక్షిని. మొదటి సెమిస్టర్‌లో ఒక భాగం డిజైన్ చేసి ఇస్తే, మార్కులు వేసే ముందు దాన్ని వర్క్‌షాపు టెక్నీషియన్‌కు చూపించమన్నారు. ఆయన ఒక్క నిమిషం చూసి, "ఈ మూలలోకి టూల్ ఎలా వెళుతుందమ్మా?" అన్న అర్థంలో అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. నాలుగేళ్ళ బీటెక్‌లో నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

కొన్ని విషయాలు ముందే తెలిస్తే మంచిది. ప్రొఫెసర్లను పేరు పెట్టి పిలవాలి, 'సార్' అంటే వాళ్ళే ఇబ్బందిపడతారు. నాకు నోరు తిరగడానికి క్రిస్మస్ దాకా పట్టింది. మార్కుల లెక్క కూడా వేరు. పాస్ 50, 70 దాటితే డిస్టింక్షన్. మొదటి అసైన్‌మెంట్‌లో 62 వచ్చినప్పుడు రూములో తలుపు వేసుకుని ఏడ్చాను. అది మంచి మార్కేనని పక్క రూము నైజీరియా అమ్మాయి కూర్చోబెట్టి చెప్పింది. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. ఆ నెలలో ఒంటరిగా ఉండకండి. శనివారం రైలెక్కితే పది, పదిహేను నిమిషాల్లో లెస్టర్. అక్కడి బెల్‌గ్రేవ్ రోడ్డులో కరివేపాకు, కందిపప్పు, మన మనుషుల మొహాలు దొరుకుతాయి. దీపావళికి ఆ రోడ్డంతా దీపాల తోరణాలు కడతారు.

ఇక ఆట. ఈ క్యాంపస్‌లో ఆట ఒక మూల ఉండే వస్తువు కాదు. నేను చదివేటప్పుడు ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు జాతీయ శిక్షణ కేంద్రం ఇక్కడే ఉండేది. ప్రపంచ రికార్డులు కొట్టిన ఈతగాడు ఆడమ్ పీటీ సాధన చేసిన కొలను ఇక్కడిదే. క్రీడలకు సంబంధించిన చదువుల్లో, యూనివర్సిటీలకు వరస ఇచ్చే క్యూఎస్ ర్యాంకింగ్ 2017 నుంచి నేను చదివేనాటి దాకా ఏటా దీనికే మొదటి స్థానం ఇచ్చింది. లైబ్రరీకి వెళ్ళే దారిలో నా పక్కనుంచే జాతీయ జట్టు జెర్సీలు నడిచిపోయేవి. మొదటి నెల నాకు అదంతా వేరేవాళ్ళ లోకంలా ఉండేది.

ఒక రోజు తీరిక దొరికి, ఇక్కడ చదివిన గొప్ప క్రీడాకారుల గురించి చదువుతూ కూర్చున్నాను. 1980, 1984 ఒలింపిక్స్‌లో 1500 మీటర్ల స్వర్ణం గెలిచిన సెబాస్టియన్ కో ఇక్కడ చదివింది ఎకనామిక్స్, సాంఘిక చరిత్ర. 2003లో 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో మారథాన్ పరిగెత్తి ప్రపంచ రికార్డు పెట్టిన పౌలా రాడ్‌క్లిఫ్ ఆధునిక యూరప్ అధ్యయనాలు చదివింది. చక్రాల కుర్చీలో పదకొండు పారాలింపిక్ స్వర్ణాలు గెలిచిన టానీ గ్రే-థాంప్సన్ రాజకీయ శాస్త్రం చదివింది. ముగ్గురిలో ఒక్కరూ చదువు మానేసి ఆడలేదు, ఆట మానేసి చదవలేదు. "వీటితో ఇక్కడ పనేముంది" అన్న మాట గుర్తొచ్చి నాకు కోపం వచ్చింది. ఆ మాట మీద కన్నా, ఇన్నేళ్ళు దాన్ని నేను మోసుకు తిరిగినందుకు ఎక్కువ కోపం వచ్చింది.

ఆ వారమే బూట్లు కొన్నాను. పోటీ స్థాయి లేనివాళ్ళ కోసం నడిపే రన్నింగ్ గ్రూపులో చేరాను. మొదటి రోజు రెండు కిలోమీటర్లకే ఊపిరి అందలేదు, ఎవరూ ఏమీ అనలేదు. ఒక రీసెర్చ్ స్కాలర్ నా పక్కనే నడుస్తూ, తన పీహెచ్‌డీ బ్యాటరీల గురించి చెబుతూ నన్ను చివరిదాకా తీసుకొచ్చింది. తరవాత శనివారాలు పొద్దున తొమ్మిదికి డిష్లీ వైపు జరిగే పార్క్‌రన్‌కు వెళ్ళేదాన్ని. ఐదు కిలోమీటర్లు, పైసా ఖర్చు లేదు, ఒకసారి పేరు రిజిస్టర్ చేసుకుంటే బార్‌కోడ్ ఇస్తారు, పరుగు అయ్యాక దాన్ని స్కాన్ చేస్తే మన టైమ్ మెయిల్‌కు వస్తుంది. డెబ్బై ఏళ్ళ ముసలమ్మలు, తోపుడు బండిలో పిల్లల్ని నెట్టుకుంటూ తండ్రులు, కుక్కలతో వచ్చేవాళ్ళు, అందరూ పరిగెత్తుతారు. నవంబర్‌లో నాకు 36 నిమిషాలు పట్టింది. జూన్‌కల్లా 27కు దిగాను.

ప్రాజెక్టు మే నుంచి ఆగస్టు దాకా. నాది బూట్ల పైభాగానికి వాడే అల్లిక బట్ట. 2012 ప్రాంతం నుంచి రన్నింగ్ బూట్లకు తోలు, కుట్టిన ముక్కల బదులు అల్లిన పైభాగం వస్తోంది. వేళ్ళ మొదట్లో పాదం వెడల్పు అవుతుంది కాబట్టి అక్కడ బట్ట సాగాలి, మధ్యలో సాగకూడదు. అల్లిక బట్ట అడ్డంగా ఎంత సాగుతుంది, నిలువుగా ఎంత సాగుతుంది, ఎంత బలానికి సాగుతుంది అన్నది కొలవాలి. కాటన్ అల్లిక ఒకటి, పాలిస్టర్ అల్లిక ఒకటి తీసుకున్నాను. ఐదు సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు కోసి, మెషిన్ దవడల మధ్య బిగించి లాగడమే పని.

నలభై పట్టీలు లాగాక లెక్క కుదరలేదు. పాలిస్టర్ అంకెలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి, కాటన్‌వి ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా. దవడల్లో బట్ట జారుతోందేమోనని రెండు రోజులు దాని వెంట పడ్డాను. ఆ రాత్రి నాన్నతో ఫోన్‌లో మాట్లాడుతూ మాటవరసకు చెప్పాను.

"అక్కడ వానలా, ఎండలా?" అన్నాడు నాన్న.

"రోజుకోలా ఉంటోంది."

"మరి నూలు రోజుకోలా ఉండదూ? మేలో పడమర గాలి తగిలితే పోగు టప్‌టప్‌మని తెగట్లేదూ? నేల మీద నీళ్ళు ఎందుకు చల్లుతాం మనం? మగ్గం గుంటలో ఎందుకుంటుంది?"

నేను ఫోన్ పట్టుకుని అలాగే ఉండిపోయాను. నూలు తేమ పీలుస్తుంది, తేమలో దాని బలం పెరుగుతుంది. పాలిస్టర్ తేమను పెద్దగా పట్టించుకోదు. మర్నాడు నా గైడ్‌కు చెబితే ఆయన నవ్వి, బట్టను పరీక్షించే ముందు 20 డిగ్రీల వేడి, 65 శాతం తేమ ఉన్న చోట అది సర్దుకునేదాకా ఉంచాలన్న ప్రమాణం తీసి చూపించారు. ఆ పేజీ నేను చదివాను, కానీ నా బ్యాగులోంచి పట్టీలు తీసి నేరుగా మెషిన్‌కు పెడుతున్నానన్న సంగతి నాకు తట్టలేదు. "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని అడిగారు. చెప్పాను. థీసిస్‌లో ధన్యవాదాల పేజీలో ఆయన పేరు ముందు రాయమన్నారు.

నలభై పట్టీలూ పక్కన పెట్టి మళ్ళీ కోశాను. ఈసారి గ్రాఫులు నాకు అద్దంలా కనిపించాయి. అల్లిక బట్టను లాగితే గీత మొదట నేలను పట్టుకుని చాలాదూరం పోతుంది, అప్పుడు ఉచ్చులు సాపు అవుతున్నాయన్నమాట. ఉచ్చుల్లో చోటు అయిపోయాక దారమే సాగాలి, గీత ఒక్కసారిగా పైకి లేస్తుంది. నేసిన బట్టలో పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డం పోగులు) దాదాపు తిన్నగా ఉంటాయి కాబట్టి ఈ నేల భాగం చాలా తక్కువ. ఇది నేను నాన్నకు చెబితే, "అయితే దానికి పడుగే లేదా?" అని అడిగాడు. నిజంగానే లేదు. ఒక్క దారమే తన మీద తాను మెలికలు తిరుగుతూ బట్ట అవుతుంది.

ఆగస్టు చివర థీసిస్ ఇచ్చేశాను. ఆ మధ్యాహ్నం క్వీన్స్ పార్కులో కూర్చున్నాను. అక్కడ మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఊరివాళ్ళ జ్ఞాపకంగా 1923లో కట్టిన గంటల గోపురం ఉంది. నలభై ఏడు గంటలు, అన్నీ ఈ ఊరి టేలర్ ఫౌండ్రీలో పోతపోసినవే. లండన్ సెయింట్ పాల్స్ చర్చిలోని పెద్ద గంట కూడా 1881లో ఇక్కడే పోశారు. తమ చేతిపనితో తమవాళ్ళకు ఇంత ఎత్తు గోపురం కట్టుకున్న ఊళ్ళో చదివానని తృప్తిగా అనిపించింది.

డిసెంబర్‌లో పట్టా ఇచ్చారు. నాన్న, అమ్మ రాలేకపోయారు, ఫోన్‌లో లైవ్ చూశారు. సంక్రాంతికి ఇంటికి వెళుతూ, పట్టీలు కోయకుండా మిగిలిన, పక్క అంచులు చెక్కుచెదరని అల్లిక ముక్క ఒకటి పట్టుకెళ్ళాను. నాన్న దాన్ని తీసుకుని వెలుగులో పెట్టి చూశాడు, అడ్డంగా లాగాడు, నిలువుగా లాగాడు. తరవాత పై అంచున పోగు కొస దొరకబుచ్చుకుని మెల్లగా లాగాడు. వరస తరవాత వరస ఊడిపోతూ వచ్చింది. ఎక్కడా ముడి లేదు, తెగలేదు. "ఓరి!" అన్నాడు. ముక్క సగం అయ్యేదాకా లాగుతూనే ఉన్నాడు. ఆ దారమంతా కండెకు చుట్టి, మగ్గం పక్క గూట్లో పెట్టుకున్నాడు.